ధర పడినా బాకీ పడిపోదు

దివ్యఖుర్‌ఆన్‌లోని వచనాలన్నిటిలోకీ పెద్దది ఏది? నమాజును గురించినది కాదు, ఉపవాసాన్ని గురించినదీ కాదు. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు దాన్ని రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని, చిన్న మొత్తమైనా పెద్ద మొత్తమైనా రాయడానికి బద్ధకించవద్దని ఆదేశించిన వచనమే అన్నిటికన్నా పెద్దది (అల్ బఖరా: 282). దానికి రెండు వచనాల ముందు మరో ఆదేశం ఉంది: బాకీదారు ఇబ్బందుల్లో ఉంటే అతనికి వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలి, మాఫీ చేస్తే మరీ మేలు (280). లెక్క గట్టిగా ఉంచుకోవాలి, మనిషి పట్ల మెత్తగా ఉండాలి. ఇస్లామ్ ఈ రెండింటినీ ఒకేచోట చెప్పింది. మనం మాత్రం చాలాసార్లు రెండింటినీ తారుమారు చేస్తున్నాము. బంధుత్వం పేరిట లెక్క రాయము, బేరం చెడిన తరువాత మనిషితో మాటలు మానేస్తాము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ముస్లిమ్ కుటుంబాలకు ఈ పాఠం దూరపు విషయం కాదు. ఈ ఊళ్లలో ఏ వాడకు వెళ్లినా దుబాయి, మస్కట్, సౌదీల్లో కష్టపడినవారు కనిపిస్తారు. అక్కడి నుండి పంపిన సొమ్ములో ఇంటి ఖర్చు పోగా మిగిలినది ఎక్కువగా భూమిలోకే వెళుతుంది. కొందరు తమ పేరిట ప్లాటు కొంటారు. మరికొందరు ఊళ్లో భూముల బేరం చేసే అన్నకో, బావమరిదికో, స్నేహితునికో సొమ్ము అప్పగిస్తారు. ధరలు పెరుగుతున్నన్నాళ్లు ఎవరూ కాగితం అడగరు. బేరాలు ఆగిన రోజున అందరికీ కాగితం గుర్తుకొస్తుంది.

అలాంటి రోజులు మనం చూడనివి కావు. 2008లో ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం వచ్చింది. దుబాయిలో కట్టడాలు మధ్యలో ఆగిపోయాయి, పనులు పోయి ఎంతోమంది కార్మికులు ఇంటిముఖం పట్టారు. 2009 నవంబరు 25న దుబాయి వరల్డ్ అనే ప్రభుత్వ సంస్థ తన బాకీలకు గడువు కావాలని అప్పులవాళ్లను కోరింది. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చింది. సిరిసిల్ల మరమగ్గాలకు 2017 నుండి బతుకమ్మ చీరల ఆర్డర్లు పని కల్పించాయి. 2024లో ఆ ఆర్డర్లు ఆగినప్పుడు మగ్గాల మీద బతికే ఇళ్లలో కిస్తీలు కట్టడం కష్టమైంది. ప్రతి గడ్డుకాలంలోనూ మా వద్దకు వచ్చే ప్రశ్న ఒకటే: “మౌలానా! భూమి మీద పెట్టడానికి సొమ్ము ఇచ్చాము. ఇప్పుడు ధర లేదంటున్నాడు. మా సొమ్ము మాకు రావాలా, వద్దా?”

జవాబు చెప్పేముందు మేము ఎదురు ప్రశ్న ఒకటి వేస్తాము.

మీరు ఇచ్చినది అప్పా, వాటా పెట్టుబడా?

చాలామంది ఇక్కడే తడబడతారు. “ఏదో నమ్మి ఇచ్చాము” అంటారు. కాని షరీఅత్‌లో ఈ రెండింటి దారులు వేరు.

సొమ్ము ఖర్జ్‌గా, అంటే అప్పుగా ఇస్తే పుచ్చుకున్నవాడు అంతే మొత్తం తిరిగి ఇవ్వాలి. అతను ఆ సొమ్ముతో కొన్న భూమి ధర రెట్టింపయినా ఇచ్చినవానికి అందులో భాగం లేదు. ధర సగమైనా అసలులో ఒక్క రూపాయి తగ్గదు. నూటికి రెండు రూపాయలని, నెలకు ఇంతని పైన ముట్టజెబితే అది వడ్డీ. అప్పు ఇచ్చినందుకు ప్రతిఫలంగా షరతు పెట్టి తీసుకునే ఏ లాభమైనా వడ్డీయేనన్నది ధర్మవేత్తలు ఏకాభిప్రాయంతో చెప్పిన మాట. దానికి ‘లాభం’ అని పేరు పెట్టినంత మాత్రాన హలాల్ కాదు.

సొమ్ము వాటాగా పెడితే లాభంలో భాగం ఉంటుంది, నష్టంలోనూ ఉంటుంది. ఇద్దరూ పెట్టుబడి పెట్టే పద్ధతిని షిర్కత్ అంటారు. ఒకరు సొమ్ము, మరొకరు శ్రమ పెట్టే పద్ధతిని ముజారబత్ అంటారు. లాభాన్ని ముందుగా ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకోవాలి. నష్టం వస్తే పెట్టుబడి ఎంతెంత ఉన్నదో దాని ప్రకారమే భరించాలి. ఒక ఉదాహరణ చూద్దాము. ఒకరు 6 లక్షలు, మరొకరు 4 లక్షలు కలిపి 10 లక్షలకు ప్లాటు కొన్నారు. మాంద్యంలో అది 8 లక్షలకే అమ్ముడుపోయింది. నష్టం 2 లక్షలు. అందులో మొదటివారి వంతు 1,20,000, రెండవవారి వంతు 80,000. ముజారబత్‌లోనైతే సొమ్ము నష్టం సొమ్ము పెట్టినవారిదే, పనిచేసినవాని శ్రమ వృథా అవుతుంది. అయితే అతను ఒప్పందాన్ని మీరినా, నిర్లక్ష్యం చేసినా, సొమ్మును సొంతానికి వాడుకున్నా ఆ నష్టానికి అతనే బాధ్యుడు.

ధర పెరిగినప్పుడు “మాది వాటా” అనీ, పడినప్పుడు “మాది అప్పు, అసలు పైసలు పెట్టు” అనీ అనడం న్యాయం కాదు. అలాగే సొమ్ము అప్పుగా తీసుకున్నవాడు ధర పడగానే “నష్టం వచ్చింది, నువ్వూ భరించు” అనడమూ న్యాయం కాదు. ఏది ఏమిటన్నది సొమ్ము చేతులు మారేరోజునే తేలిపోవాలి. అందుకే రాయమన్నాడు అల్లాహ్.

హజ్రత్ జుబైర్ (రజి) బాకీల లెక్క

ఈ విషయంలో సహీహ్ బుఖారీలోని ఒక ఉదంతం ప్రతి ముస్లిమ్ ఇంట్లో చెప్పుకోదగినది. హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) స్వర్గ శుభవార్త అందుకున్న పదిమందిలో ఒకరు, దైవప్రవక్త (సఅసం) మేనత్త కుమారుడు. ఆయన నిజాయితీని చూసి ప్రజలు తమ సొమ్మును ఆయన వద్ద దాచుకోవడానికి తెచ్చేవారు. ఆయన దాన్ని అమానతుగా తీసుకోవడానికి ఒప్పుకునేవారు కాదు, అప్పుగానే ఉంచమనేవారు. ఎందుకంటే అమానతు పొరపాటున పోతే యజమానికే నష్టం. అప్పు అయితే పుచ్చుకున్నవాడు ఎట్లాగైనా తిరిగి ఇచ్చి తీరాలి. పరుల సొమ్ముకు భద్రత ఉండాలని ఆ బరువును ఆయన తన భుజం మీదనే వేసుకున్నారు.

హిజ్రీ 36లో ఆయన షహీదు అయ్యారు. ఇంట్లో దీనారు గాని, దిర్హమ్ గాని లేదు. మిగిలిందల్లా భూములు, ఇళ్లు: గాబా అనే చోట భూమి, మదీనాలో 11 ఇళ్లు, బస్రాలో 2, కూఫాలో 1, ఈజిప్టులో 1. బాకీలు లెక్కిస్తే 22 లక్షలు తేలాయి. ఆస్తి ఉంది, చేతిలో నగదు లేదు. ఈనాడు మన భూముల బేరగాళ్లు చెప్పే పరిస్థితి సరిగ్గా ఇదే.

ఆయన కుమారుడు హజ్రత్ అబ్దుల్లాహ్ (రజి) ఏం చేశారో గమనించండి. మొదట బాకీలన్నీ కూడి లెక్క తేల్చారు. హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఎదురై, తండ్రి బాకీ ఎంత అని అడిగితే సంకోచంతో ఒక లక్ష అన్నారు. అది తీర్చడమే మీ ఆస్తికి కష్టమని ఆయన అంటే, మరి 22 లక్షలైతే ఏమంటారని అసలు సంగతి చెప్పేశారు. తీర్చలేకపోతే నా సహాయం తీసుకోమని హకీమ్ (రజి) అన్నారు. బాకీని తక్కువ చేసి చెప్పాలనిపించడం మానవ సహజం. నిజం చెప్పిన తరువాతే సహాయపు మాట వచ్చిందన్నది మనకు పాఠం.

తరువాత భూమి అమ్మకానికి పెట్టారు. జుబైర్ (రజి) ఆ గాబా భూమిని 1,70,000కు కొన్నారు. దాన్ని 16 లక్షలుగా విలువ కట్టి, ఒక్కో లక్షకు ఒక భాగం చొప్పున విభజించి, బాకీలవాళ్లను అక్కడికే పిలిచారు. 4 లక్షలు రావలసిన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) మాఫీ చేస్తానన్నారు. వద్దంటే గడువైనా తీసుకోమన్నారు. దానికీ ఒప్పుకోకుండా ఆ విలువకు భూమినే కొలిచి ఇచ్చారు. బాకీలు తీరగానే మిగతా వారసులు ఆస్తి పంచమని అడిగారు. ఆయన పంచలేదు. వరుసగా నాలుగేళ్లు హజ్ రోజుల్లో, జుబైర్ (రజి) ఎవరికైనా బాకీ ఉంటే వచ్చి తీసుకోవచ్చని చాటింపు వేయించారు. ఇక ఎవరూ మిగల్లేదని తేలాకే పంచారు.

ఇంకొక మాట. తీర్చడం కష్టమైతే నా యజమానిని సహాయం అడుగు అని తండ్రి చెప్పారు. ఆ యజమాని ఎవరని కుమారుడు అడిగితే, అల్లాహ్ అన్నారు. బాకీ తీర్చడంలో ఇరుకున పడినప్పుడల్లా తాను జుబైర్ యజమానినే వేడుకున్నానని, ఆయనే దారి చూపాడని కుమారుడు చెప్పుకున్నారు. దుఆ చేశారు, దానితోపాటు భూమీ అమ్మారు.

‘ధర వచ్చాక ఇస్తాను’ అనే మాట

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ఒకాయన 6 లక్షలు అప్పు తీసుకున్నాడు. ఆయన పేరిట నాలుగు ప్లాట్లు ఉన్నాయి. “ఇప్పుడు అమ్మితే నష్టం. రెండేళ్లు ఆగితే మంచి ధర వస్తుంది, అప్పుడు ఇస్తాను” అంటాడు. అప్పు ఇచ్చినవాడు గల్ఫ్ నుండి పని పోయి వచ్చాడు, కూతురి పెళ్లి దగ్గర పడింది. గడువు ఇవ్వమన్న ఖుర్‌ఆన్ ఆదేశం ఆ బాకీదారుకు వర్తిస్తుందా?

వర్తించదు. అది ఇబ్బందిలో ఉన్నవానికి ఇచ్చిన హక్కు. కనీస అవసరాలకు మించి నాలుగు ప్లాట్లున్నవాడు ఇబ్బందిలో ఉన్నవాడు కాడు, లాభం కోసం ఎదురుచూస్తున్నవాడు. స్తోమత ఉండి బాకీని వాయిదా వేయడం దౌర్జన్యమని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించిన హదీసు బుఖారీ, ముస్లిమ్ గ్రంథాల్లో ఉంది. భూమి ధర పడిన నష్టం భూమి యజమానిది. దాన్ని అప్పు ఇచ్చినవాని మీదికి నెట్టకూడదు. ధర పెరిగి ఉంటే ఆ లాభం పంచేవాడా? పంచేవాడు కాడు గదా! అందుచేత బాకీకి సరిపడా ఒక ప్లాటు అమ్మాలి. లేదా ఇద్దరూ ఒప్పుకుంటే ఈనాటి న్యాయమైన ధరకు ప్లాటునే బాకీ కింద రాసి ఇవ్వాలి. అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) చేసినది అదే.

అయితే ఇచ్చినవారూ ఒకటి గ్రహించాలి. భూమి అమ్మడం బజారులో మేకను అమ్మడం లాంటిది కాదు. కొనేవాడు దొరకాలి, కొలతలు కావాలి, రిజిస్ట్రేషన్ కావాలి. నిజంగా అమ్మకానికి పెట్టినవానికి ఆ వ్యవధి ఇవ్వాలి. తొందరపెట్టి సగం ధరకు కాజేయాలని చూడడం ముస్లిమ్ లక్షణం కాదు.

నిజంగా లేనివానికి గడువు

ఇక ప్లాటూ లేదు, పనీ లేదు, చేసిన బేరం మునిగింది, అలాంటివాని సంగతి ఏమిటి? దైవప్రవక్త (సఅసం) కాలంలో ఒకాయన పండ్లు కొని నష్టపోయాడు, బాకీలు మీద పడ్డాయి. ప్రవక్త (సఅసం) అతనికి దానం చేయమని ప్రజలకు చెప్పారు. వచ్చిన సొమ్ము సరిపోలేదు. అప్పులవాళ్లతో, ఉన్నది తీసుకోండి, ఇప్పుడు అంతకు మించి మీకు లేదు అని చెప్పారు (సహీహ్ ముస్లిమ్). మొదట సమాజం సహాయం చేసింది, తరువాత ఉన్నంత చెల్లింపు జరిగింది, మిగిలినదానికి వెసులుబాటు దొరికింది. మన మస్జిదు కమిటీలు నేర్చుకోవలసిన క్రమం ఇదే.

ఇక్కడ ఒక భేదం చూడాలి. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు కరోనా దృష్ట్యా కిస్తీలకు మూడు నెలల విరామం అనుమతించింది. తరువాత దాన్ని ఆగస్టు 31 వరకు పొడిగించింది. ఆ విరామంలోనూ వడ్డీ ఆగలేదు. వడ్డీ మీద వడ్డీ వేయరాదని సుప్రీంకోర్టు 2021 మార్చి 23న తీర్పు చెప్పింది. దుబాయి వరల్డ్ విషయంలో సుమారు 2500 కోట్ల డాలర్ల బాకీ గడువును పెంచే ఒప్పందం 2011లో కుదిరింది. లోకపు పెద్ద పెద్ద సంస్థలకు కూడా చివరకు గడువు తప్పలేదు. అయితే బ్యాంకు ఇచ్చే గడువులో బాకీ పెరుగుతుంది. ఖుర్‌ఆన్ ఇవ్వమన్న గడువులో బాకీ పెరగదు, ఇచ్చినవాని పుణ్యం పెరుగుతుంది. గడువు తీరిన తరువాత కూడా ఆగినవానికి ప్రతి రోజూ ఆ బాకీకి రెట్టింపు దానం చేసినంత పుణ్యమని ముస్నద్ అహ్మద్‌లోని హదీసు తెలుపుతోంది.

సర్దుబాటుకూ ఆదర్శం ఉంది. కఅబ్ బిన్ మాలిక్ (రజి) మస్జిదులో తన బాకీ అడుగుతుండగా ఇద్దరి గొంతులూ పెరిగాయి. ప్రవక్త (సఅసం) తమ గది తెర తొలగించి, సగం తగ్గించమని కఅబ్‌కు సైగ చేశారు. ఆయన ఒప్పుకోగానే ఇటు తిరిగి, లేచి చెల్లించమని బాకీదారును ఆదేశించారు (బుఖారీ, ముస్లిమ్). తగ్గింపు దొరికినవాడు మిగిలిన సగాన్ని మళ్లీ సాగదీయకూడదన్నమాట.

ఖాతా ఎలా ఉంచుకోవాలి?

రోజూ పనికివచ్చే కొన్ని జాగ్రత్తలు చెబుతున్నాము.

1. ఒక నోటుబుక్కులో ఒక్కో బాకీకి ఒక్కో పేజీ కేటాయించండి. పైన మొత్తం, తేదీ, అది అప్పా వాటాయా, ఇద్దరు సాక్షుల పేర్లు రాయండి. కింద ఒక్కో చెల్లింపుకు తేదీ, మొత్తం, ఏ పద్ధతిలో వచ్చింది, మిగిలినది ఎంత అన్నవి రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఫోన్ ద్వారా వచ్చిన సొమ్మునూ ఆ రోజే ఎక్కించండి.

2. గడువు పెంచితే కొత్త తేదీ రాయండి, మొత్తం మార్చకండి. 6 లక్షల బాకీని నెలకు 30,000 చొప్పున 20 కిస్తీల్లో తీర్చాలని అనుకున్నారు. 8 కిస్తీలు, అంటే 2,40,000 వచ్చాక బాకీదారు పని పోయింది. మిగిలింది 3,60,000. ఆర్నెల్లు ఆగినా, ఏడాది ఆగినా అది 3,60,000 గానే ఉండాలి. నెలకు 30,000 కట్టలేనివాడు 5,000 కట్టగలిగితే అదే తీసుకోండి. కిస్తీ చిన్నదైనా ఇద్దరి మధ్య మాట నిలుస్తుంది.

3. ప్రామిసరీ నోటు బాకీకి కోర్టులో దావా వేయడానికి మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువు దాటకముందే, చెల్లించినప్పుడల్లా నోటు వెనుక బాకీదారు సంతకంతో చెల్లు వేయించుకోండి. అలా చేస్తే కాలపరిమితి ఆ రోజు నుండి మళ్లీ మొదలవుతుంది. అయితే బాకీదారుకు ఒక మాట: కోర్టు గడువు దాటినంత మాత్రాన అల్లాహ్ వద్ద బాకీ రద్దు కాదు. షహీదుకు సైతం అన్నీ క్షమించబడతాయి, అప్పు మాత్రం మినహాయింపని సహీహ్ ముస్లిమ్‌లో ఉంది.

4. వాటా పెట్టుబడిలో భూమి సర్వే నంబరు, కొలత, కొన్న ధర, ఎవరి పేరిట రిజిస్టరైంది అన్నవి రాయండి. నలుగురి సొమ్మును ఒకే సంచిలో వేసి, ఒకరి ప్లాటు పైసలతో మరొకరి బయానా తీర్చడం అమానతులో ద్రోహం. వెంచర్లు వేసేవారు కొనుగోలుదారుల నుండి తీసుకున్న సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే ప్రత్యేక ఖాతాలో ఉంచాలని 2016 నాటి రెరా చట్టం చెబుతోంది. చట్టం చెప్పకపోయినా అల్లాహ్‌కు భయపడేవాడు అలాగే ఉంచాలి.

5. ఈ పుస్తకం ఇంట్లో ఎక్కడుందో భార్యకూ, పెద్ద పిల్లలకూ తెలియాలి. పరదేశంలో ఉన్నవారికి ఇది మరీ అవసరం. వారసత్వం పంచేముందు బాకీలు తీర్చాలన్నది ఖుర్‌ఆన్ ఆజ్ఞ (అన్నిసా: 11, 12). మూడు దీనార్ల బాకీ మిగిల్చి చనిపోయిన ఒక వ్యక్తి జనాజా నమాజు చదివించడానికి ప్రవక్త (సఅసం) ముందుకు రాలేదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తన మీద వేసుకున్న తరువాతే చదివించారు (బుఖారీ). ఎంత బాకీ ఉందో కుటుంబానికే తెలియకపోతే దాన్ని మీద వేసుకునేదెవరు?

6. “నాకు రావలసినది మాఫీ చేశాను, అదే నా జకాత్” అని కొందరు లెక్కేస్తారు. చాలామంది ధర్మవేత్తల ప్రకారం అలా చేస్తే జకాత్ తీరదు. బాకీదారు నిజంగా అర్హుడైతే జకాత్ సొమ్మును అతని చేతికి ఇవ్వండి. అది అతని సొంతమైన తరువాత అతను తన ఇష్టంతో బాకీ తీరిస్తే మంచిదే. బాకీల్లో కూరుకున్నవారు జకాత్ హక్కుదారుల్లో ఒకరని ఖుర్‌ఆన్ స్వయంగా పేర్కొంది (అత్తౌబా: 60).

సోదర సోదరీమణులారా! ధరలు పెరగడం, పడడం అల్లాహ్ చేతిలోని విషయం. మన చేతిలో ఉన్నవి కలం, మాట. ఇచ్చినవారు ఈ వారమే తమ పుస్తకం తెరిచి ఎవరు నిజంగా ఇబ్బందిలో ఉన్నారో చూసి, వారికి తామే ముందుగా కబురు పంపి కొత్త తేదీ ఇవ్వాలి. పుచ్చుకున్నవారు ఫోన్ ఎత్తడం మానేయకుండా ఎదురు వెళ్లి, ఉన్నదెంత, లేనిదెంత అన్నది దాచకుండా చెప్పాలి. అప్పుడు పెళ్లిలోనైనా, జనాజాలోనైనా ఒకరి ముఖం ఒకరు చూసుకోగలుగుతాము.

మన బాకీలు తీర్చే దారిని అల్లాహ్ సులభం చేయుగాక! మనకు బాకీ ఉన్నవారి పట్ల మన హృదయాలను మెత్తన చేయుగాక! పరుల హక్కు మెడ మీద ఉండగా మనల్ని ఈ లోకం నుండి తీసుకువెళ్లకుండా కాపాడుగాక! ఆమీన్.